ఎగువా, దిగువా అని అడిగే మనిషి

బందరు సబ్‌జైలులో హెడ్ వార్డరుగా చేసి రిటైరైన పెద్దాయన పోయారు. బడికి వెళ్తూ గుడివాడ స్టేషన్ దగ్గర పేపరు కొనుక్కోవడం నా అలవాటు. మొన్న అక్కడ నిలబడి ఉండగా, బందరు నుంచి వచ్చిన పాసింజరు దిగిన బట్టల వ్యాపారి ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. ఆయన ఇల్లు హెడ్డుగారి వీధిలోనే. "మీ హెడ్డుగారు పోయారు మేష్టారూ. తెల్లారేసరికి లేరు. మధ్యాహ్నం దాటాక ఎత్తుతారంట" అన్నాడు. పేపరు చేతిలోనే ఉంది గాని అక్షరం కనిపించలేదు. బడికి సెలవని కబురు పంపి, బందరు వెళ్ళే బండెక్కాను.

బడిపంతులికి జైలు వార్డరుతో ఇంత చుట్టరికం ఏమిటని మీకు అనిపించవచ్చు. నేను ఆయన జైల్లో ఉన్నాను. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు, గుడివాడలో సగం మందికి తెలిసిందే. మిగతా సగానికి ఇప్పుడు తెలుస్తుంది.

మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన కొత్తలో నేను దివిసీమలో, ఒక పిల్లకాలవకి చిట్టచివరనున్న ఊళ్ళో పంతులుగా ఉండేవాణ్ణి. ఆ ఏడు నాట్ల వేళకి నీళ్ళు మా ఊరి దాకా రాలేదు. ఎగువ ఊరి పెద్దరైతు ఒకాయన తూము దగ్గర అడ్డుకట్ట వేయించాడని తెలిసి మావాళ్ళు కర్రలు పట్టుకుని బయల్దేరారు. నేను ఆపుదామని వెనకాలే పరిగెత్తాను. మునిమాపు చీకట్లో ఎవరి కర్ర ఎవరికి తగిలిందో ఎవరికీ తెలియదు. పోలీసులు వచ్చేసరికి గట్టు మీద కాళ్ళకి చెప్పులు, భుజాన ఉత్తరీయం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నాయకుణ్ణి నేనేనన్నారు. అవనిగడ్డలో చోటు లేదని మమ్మల్ని బందరు తోలారు.

జైలు గేటు లోపల మొట్టమొదట చూసింది హెడ్డుగారినే. కొత్తగా వచ్చినవాణ్ణి నూతి చపటా మీద కూర్చోబెట్టి, చెంబుతో మంచినీళ్ళు ఇచ్చి, తాగడం అయ్యాక మాట్లాడేవారు. ఏం చేశావని అడిగేవారు కాదు. "ఏ ఊరు నాయనా? ఏ కాలవ మీది? ఎగువా, దిగువా?" అనేవారు. నాకు నవ్వొచ్చింది. జైలుకి వచ్చానా, నీటితీరువా కట్టడానికి వచ్చానా అనుకున్నాను. తర్వాత చనువు పెరిగాక ఆ మాటే అంటే, "ఏం చేశాడన్నది కోర్టు అడుగుతుంది లెండి. ఎవడి పక్కన వీడు కళ్ళు మూసుకుని పడుకోగలడన్నది నేను చూసుకోవాలి" అన్నారు.

జైలు రూల్సు ఆయనకి తెలియక కాదు. శిక్ష పడ్డవాళ్ళు వేరు, రిమాండు వాళ్ళు వేరు, ఆడవాళ్ళు వేరు, పసివాళ్ళు వేరు, మాటిమాటికీ వచ్చే కేడీలు వేరు. రాజమండ్రి సెంట్రల్ జైల్లోనైతే ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్లాకు ఇవ్వొచ్చు. ఇక్కడ ఉన్నవి చిన్న గదులు కొన్ని, ఒక వాకిలి, ఒక నుయ్యి. అందుకని రూల్సు కుదిరినంత వరకు పాటించి, మిగిలింది ఆయన బుర్రతో సర్దేవారు. కాలవ తగాదాల వాళ్ళని ఎగువా దిగువా విడగొట్టేవారు. అన్నదమ్ముల ఆస్తి తగాదాలైతే గోడకి అటొకణ్ణి ఇటొకణ్ణి పెట్టేవారు. మరీ బెంగపడ్డవాణ్ణి మాత్రం ఒంటరిగా ఉంచేవారు కాదు.

నేను చదువుకున్నవాణ్ణి కదా, నాకేదో ప్రత్యేకంగా గది ఇస్తారని ఎదురుచూశాను. తీసుకెళ్ళి నన్నూ మా ఊరి రాఘవుల్నీ ఒక ముసలి కేడీ పక్కన పడేశారు. రూలు ప్రకారం తప్పు కదండీ అని లా పాయింటు తీశాను. "తప్పేనండి. కానీ మీ ఊరి రాఘవులుకి ఒళ్ళు తెలియని జ్వరం. ఈ తాతకి రాత్రిళ్ళు నిద్రపట్టదు, వృత్తి అలాంటిది, వాణ్ణి కనిపెట్టుకుని ఉంటాడు. మీరు గురక పెట్టరు. ఇంతకన్నా మంచి గది ఈ జైల్లో లేదు" అన్నారు. పంతులుగా నాకున్న యోగ్యతల్లో గురక పెట్టకపోవడం ఒకటని అప్పుడే తెలిసింది.

ఆయనకి ఇంకొక అలవాటుండేది. మూల తిరిగే ముందు, గది దగ్గరికి వచ్చే ముందు తప్పకుండా దగ్గేవారు. జలుబేమో అనుకున్నాను. కాదట. "మనిషి ఉలిక్కిపడితే చెయ్యి లేస్తుంది మేష్టారూ. నేను వస్తున్నానని వాడికి ముందే తెలియాలి" అన్నారు. ఇంట్లో వంటింటి గడప దగ్గర కూడా అలాగే దగ్గేవారని, "నేనేమన్నా ఖైదీనా" అని ఆయన భార్య పిన్నిగారు దెబ్బలాడేవారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు రాఘవులు సంగతి. మా ఊరివాడే, పొట్టిగా, మెత్తగా ఉండే మనిషి, ఇరవై దాటిన వయసు. వాడి అన్న తల పగిలి బందరు ఆస్పత్రిలోనే ఉన్నాడు. మేం వెళ్ళిన రెండు మూడు రోజులకి మా గదిలోకి ఇంకొక రిమాండు ఖైదీ వచ్చాడు. కోటయ్య. పొడుగాటి మనిషి. చపటా మీద కూర్చోబెట్టి ఊరేదని అడిగితే నందివాడ అన్నాడు. అది మా పుట్టిన ఊరి వైపే గనక నాకు ప్రాణం లేచొచ్చింది. నందివాడ నీళ్ళకీ దివి నీళ్ళకీ సంబంధం లేదు గనక హెడ్డుగారు నిశ్చింతగా మాతో కలిపారు.

కోటయ్య పెద్దగా మాట్లాడేవాడు కాదు. కానీ రాఘవులుకి జ్వరం తగ్గే దాకా నుదుటి మీద తడిగుడ్డ వేసింది అతనే. అన్న చచ్చిపోయాడని కబురు వచ్చి, చివరిచూపు చూపించి పోలీసులు తిరిగి తీసుకొచ్చాక, రాఘవులు రెండు పూటలు మెతుకు ముట్టలేదు. కోటయ్యే ముద్ద కలిపి నోట్లో పెట్టాడు. పెడుతూ అతనూ ఏడ్చాడు. ఎంత మంచివాడు అనుకున్నాను. "ఎగువ ఊరికి కొత్తగా వచ్చిన ఇల్లరికపుటల్లుడు కొట్టాడని అన్న చెప్పాడు. వాడు నా చేతుల్లోనే పోవాలి" అని రాఘవులు పళ్ళు పటపటలాడించినప్పుడు కోటయ్య తల దించుకుని నేల గీస్తూ కూర్చున్నాడు. మాకు ఏమీ తట్టలేదు.

ఒకరోజు ములాఖత్‌కి కోటయ్య కోసం మామగారు వచ్చాడు. ఆ వేళ హెడ్డుగారు ఖైదీల్ని తీసుకుని కోర్టుకి వెళ్ళారు. రాఘవులు నూతి దగ్గర నీళ్ళు తోడుతున్నాడు. చువ్వల అవతల నిలబడి "ఏం అల్లుడూ, చిక్కిపోయావు" అన్న మనిషిని చూసి చేద వదిలేశాడు. తూముకి అడ్డుకట్ట వేయించిన పెద్దరైతే ఆయన.

ఇల్లరికం వెళ్ళినవాడు అత్తారి ఊరిని తన ఊరని చెప్పుకోడు. మన వైపు ఏ మగాడి నోటా ఆ మాట రాదు. పోలీసులు అడిగినా కోటయ్య పుట్టిన ఊరే చెప్పాడు, వాళ్ళూ అదే రాసుకున్నారు. హెడ్డుగారూ అదే నమ్మారు.

మధ్యాహ్నం భోజనాలకి వాకిట్లో వరసగా కూర్చున్నాం. రాఘవులుకి ఎదురుగా కోటయ్య. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడే హెడ్డుగారు కోర్టు నుంచి వచ్చారు. గేటు దగ్గర నిలబడి వరసని ఒకసారి చూశారు. రాఘవులు చూపు కోటయ్య మీద ఉంది, కుడిచెయ్యి అన్నంలో కదలడం లేదు. ఎడమచెయ్యి అన్నం గుండిగ కింద పెట్టే రాయి మీద ఉంది.

ఆయన లాఠీ గేటు దగ్గరే ఆనించారు. దగ్గారు. ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపే దగ్గారు. నెమ్మదిగా నడిచొచ్చి, యూనిఫారంతోనే రాఘవులుకీ కోటయ్యకీ నడుమ మట్టిలో కూలబడ్డారు. "నాకూ ఓ పళ్ళెం పెట్టరా" అని వంటమనిషిని కేకేశారు. ఆ రాయిని తీసి, విస్తరి ఎగరకుండా పెట్టుకున్నంత మామూలుగా తన మోకాలి పక్కన పెట్టుకున్నారు. జైలు అన్నం ఆయన తినడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. "రాఘవులూ, తిను నాయనా. నువ్వు తినే దాకా నేనూ లేవను" అన్నారు. ఎండ మా వీపుల మీంచి పక్కకి జరిగింది. వార్డర్లు కదల్లేదు. చివరికి రాఘవులు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, ఆయన భుజం మీద పడి భోరుమన్నాడు. అప్పుడు గాని ఆయన కోటయ్యని ఇంకో గదికి తీసుకెళ్ళమని సైగ చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే మా గదికి వచ్చారు. రాఘవులు ముందర గొంతుక్కూర్చుని, "తప్పు నాది. ఊరేదని అడిగాను గాని పొలం ఎక్కడని అడగలేదు. ఆ తప్పుకి నీకు ఉరి పడటం నాకిష్టం లేదు" అన్నారు. వాడు కోపంగా, "అయితే వాణ్ణి క్షమించమంటారా?" అన్నాడు. "ఎందుకంటాను? అది నీ కడుపుమంట, నీ ఇంటి సంగతి. ఎప్పటికీ మాట్లాడుకోకండి, నాకేం పోయింది? మీ అమ్మకి మిగిలినవాడివి నువ్వొక్కడివి. నిన్ను ఎలా తెచ్చారో అలా ఆవిడకి అప్పజెప్పాలి నేను. నాకు ఆ సాయం చెయ్యి" అన్నారు. యూనిఫారం వేసుకున్న మనిషి ఖైదీని సాయం అడగడం నేను అదే చూడటం. రాఘవులు ఆ పూట అన్నం తిన్నాడు.

అప్పట్నుంచి వాళ్ళిద్దరూ ఒకరికొకరు కనిపించకుండా హెడ్డుగారు రోజంతా నడిపేవారు. స్నానాలు వేరు వేళలు, భోజనాలు వేరు వరసలు, కోర్టుకి వేరు బళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళని అడిగే ప్రశ్న కూడా మారింది. "నీ చేనుకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి నాయనా?" అనేవారు. సాక్ష్యం నిలవక కేసు కొట్టేశాక ఆయన ఆదుర్దా ఎక్కువైంది. "లోపల ఉన్నన్నాళ్ళూ నా చేతిలో పని. గేటు దాటే రోజే భయం మేష్టారూ" అన్నారు. కోటయ్యని పొద్దున్నే చల్లపల్లి మీదుగా పోయే బస్సెక్కించి, సాయంత్రం దాకా రాఘవుల్ని ఏదో వంకతో ఆపి, తర్వాతి బస్సుకి నన్ను తోడిచ్చి పంపారు. బస్సు కదిలే దాకా స్టాండులో నిలబడ్డారు. ఆ తర్వాత దివిసీమలో ఆ రెండు ఊళ్ళ మధ్య కర్ర లేవలేదు. ఆ ఇద్దరూ మాట్లాడుకోనూ లేదు.

నేను గుడివాడ మారాక, బందరు ఎప్పుడు వెళ్ళినా ఆయన్ని చూడకుండా రాలేదు. రిటైరైనా ఆ సర్దే గుణం పోలేదు. చుట్టాల పెళ్ళిళ్ళలో పంక్తి వెయ్యడం ఆయన పనే. ఏ వియ్యపురాలికి ఏ ఆడపడుచుతో పడదో కనిపెట్టి, నడుమ ఒక చెవిటి ముసలమ్మని కూర్చోబెట్టేవారు. "జైలు వదిలినా మమ్మల్నందర్నీ బ్లాకుల్లో పెట్టారండీ" అని పిన్నిగారు నవ్వుతూ చెప్పేవారు. మా ఇద్దరు తమ్ముళ్ళ తగాదా ఆయనకి చెప్పుకుందామని ఈ వేసవికి వెళ్ళాలనుకున్నాను. ఇంక ఎవరితో చెప్పుకోను? బళ్ళో పిల్లలు కొట్టుకున్నప్పుడు, ఊళ్ళో మాటామాటా పెరిగినప్పుడు, ఆయన ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టేవారా అని ఆలోచిస్తూ ఉంటాను. ఆలోచిస్తుంటే ఆయన మీద బెంగ పుడుతుంది. మా నాన్న పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

నేను వెళ్ళేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పిన్నిగారు నన్ను చూసి, "మీ హెడ్డుగారు దగ్గకుండా వెళ్ళిపోయారు నాయనా" అని ఏడ్చారు. బస్సు కండక్టర్ల నోట దివికి కూడా కబురు వెళ్ళినట్టుంది. అరుగుకి ఈ చివర రాఘవులు, ఆ చివర కోటయ్య కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ జుట్టు నెరుస్తోంది. ఒకరి వంక ఒకరు చూడటం లేదు.

కొడుకు నిప్పు కుండ పట్టుకుని ముందుకి వచ్చాడు. పాడె ఎత్తాలి. బంధువుల్లో పెద్దాయన ఒకాయన అరుగు వైపు చూసి, "దివి నుంచి ఇంత దూరం వచ్చారు, మీరిద్దరూ ముందు పట్టండయ్యా" అన్నాడు పాపం, ఏమీ తెలియక. వద్దనబోయాను, అప్పటికే ఇద్దరూ అరుగు దిగారు. ఇలాంటప్పుడు నడుమకి వచ్చి కూర్చునే మనిషి పాడె మీద ఉన్నారు. రాఘవులు కోటయ్య ముఖంలోకి చూశాడు. తర్వాత ఉత్తరీయం నడుముకి చుట్టి వంగి ఎడమ బొంగు పట్టుకున్నాడు. కోటయ్య కుడి బొంగు పట్టుకున్నాడు.

ఎత్తగానే పాడె రాఘవులు వైపు ఒరిగింది. వాడు పొట్టి, కోటయ్య పొడుగు. హెడ్డుగారి తల పక్కకి జరిగింది. కోటయ్య అది చూసి మోకాళ్ళు వంచాడు, పాడె సమంగా నిలిచింది. శ్మశానం ఊరి చివర, సముద్రపు గాలి ఎదురు కొడుతోంది. అంత పొడుగు మనిషి అలా సగం కూర్చున్నట్టే నడుస్తుంటే కాళ్ళు వణకడం వెనక నడుస్తున్న నాకు కనిపిస్తూనే ఉంది. సగం దారిలో ఎవరో వచ్చి భుజం మారుస్తానన్నారు. కోటయ్య తల అడ్డంగా ఊపి, రాఘవులు అడుగు చూసుకుని తన అడుగు వేస్తూ, వంచిన మోకాళ్ళతో అలాగే నడిచాడు.