బిగించిన మోచేతులు

మా వరంగల్ చర్చిలో పాట ఎత్తుకునే పెద్దమ్మను వెనక బెంచీలవాళ్లు 'డ్రమ్ము' అనేవాళ్లు. ఆమెకు వినబడేది. అయినా ఆరాధనలో అందరికంటే పైకి లేచేవి ఆమె చేతులే.

రాత్రి అన్నం మానేసి, పొద్దున్నే మైదానం చుట్టూ నడిచి నడిచి ఆమె సగానికి సగం తగ్గింది. డ్రమ్ము అన్న నోళ్లే "షుగరొచ్చిందా పెద్దమ్మా?" అని ఆరా తీశాయి. ఒక ఆదివారం ఆమె చేతులెత్తగానే జాకెట్టు చేతుల కింద వదులైన చర్మం జారి ఊగింది. వెనక మళ్లీ నవ్వులు.

అప్పటినుంచి మండుటెండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు తొడుక్కుని, మోచేతులు డొక్కలకు అదుముకునే పాడేది. ఆమె అనగానే నాకు గుర్తొచ్చేవి ఆ మోచేతులే.

ఒకసారి పాస్టరుగారు ఆమెను మైకు ముందుకు పిలిచి, "ఇంత మంచిగ తగ్గినవ్ గదమ్మా, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పు" అన్నారు. ఆమె మోచేతులు కదపకుండానే వచ్చి నిలబడింది.

"లావున్నప్పుడు నన్ను జూసి నవ్విన్రు. తగ్గినంక నా తోలు జూసి నవ్వుతాన్రు. ఇగ ఈ తోలు గూడ ఒలిచియ్యాల్నా మీకు?"

సాక్ష్యం ముగిసిందనుకుని, అలవాటుకొద్దీ హాలంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది.