వెనక అమ్మ, ఎదురుగా ఎగ్జామినర్

ఈ సాయంత్రం కాలిఫోర్నియాలోని మా ఇంటి నుంచే, కాలేజీకి అమెరికా రావాలనుకుంటున్న ఒక చైనా అమ్మాయికి ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ పరీక్ష పెట్టాను. పన్నెండో తరగతి పిల్ల. ఏది అడిగినా బట్టీపట్టిన జవాబే అప్పజెప్పింది. పదికి ఐదు వేశాను. ఇంతలో వాళ్లమ్మ వచ్చి వెనక నిలబడింది.

పిల్ల చిరునవ్వు చెదరకుండా ఇంగ్లిష్‌లోనే అంది: "మేడమ్, మా అమ్మకి ఇంగ్లిష్ రాదు. నేను అదరగొడుతున్నట్టు కాస్త తల ఊపండి, ప్లీజ్. నవ్వితే ఇంకా మంచిది."

తల ఊపాను, నవ్వాను, చప్పట్లు కూడా కొట్టాను. వాళ్లమ్మ మురిసిపోతూ వెళ్లింది.

ఐదు కొట్టేసి తొమ్మిది వేశాను. ఆ పిల్ల సొంతంగా మాట్లాడిన ఇంగ్లిష్ అదొక్కటే మరి! అమ్మని మోసం చేసినందుకు ఒక్క మార్కు కోశాను. చప్పట్లు కొట్టిన నాకెంత కోస్తారో మీరే చెప్పండి.