ముప్పైకి ముప్పై

మంగళవారం మందుల రోజు. సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆసుపత్రి వరండాలో, పొడుగాటి బెంచీకి ఎదురుగా బల్ల వేసుకుని ఎస్నాత్ కూర్చునేది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ మాత్రల సీసా ఆ బల్ల మీద పెట్టాలి. ఆమె సీసా బోర్లించి, పాత కత్తి వెనక వైపుతో మాత్రలను ఐదేసి చొప్పున పక్కకు నెడుతూ లెక్కపెట్టేది. నెలకు ముప్పై, అదనంగా మరో ఐదు ఇస్తారు. నెల తిరిగేసరికి ఐదే మిగలాలి. ఎనిమిది మిగిలాయా, ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే!

"ఏం బాబాయ్, మూడు రోజులు మాత్రలకు సెలవిచ్చావా? సారా కొట్టుకు మాత్రం ఒక్క రోజూ సెలవిచ్చి ఉండవే!"

బెంచీ మీద వాళ్లంతా నవ్వేవారు. తిట్లు తిన్నవాడు కూడా నవ్వేవాడు. ఎస్నాత్‌కీ అదే జబ్బు, పద్ధెనిమిదేళ్లుగా అదే మాత్ర. ఆమెకు నలభై ఏడేళ్లు, రాయిలా గట్టిగా ఉండేది. అందుకే ఆసుపత్రివాళ్లు నీలం కోటు తొడిగి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ కోటును ఆమె వారానికి రెండుసార్లు ఉతికి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసుకునేది.

తొకోజానీ అనే అమ్మాయితోనే వచ్చింది తంటా అంతా.

తొకోజానీకి ముప్పై ఒకటి. ఒడ్డున తడికెల మీద ఉసిపా చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముకునేది. నెమ్మదైన మనిషి. ఒకసారి ఆమె రక్తపరీక్షలో వైరస్ బాగా పెరిగిందని వచ్చింది. అలా వస్తే మూడు నెలలు పిలిచి బుద్ధులు చెప్పి, మళ్లీ పరీక్ష చేయాలన్నది పద్ధతి. బుద్ధులు చెప్పడం ఎస్నాత్ పని. ఆమె సీసా బోర్లించింది. ఐదే ఉన్నాయి. రెండో నెలా ఐదే. మూడో నెలా ఐదే. పరీక్షలో మాత్రం వైరస్ ఇంకా పెరిగింది.

"ముప్పైకి ముప్పై మింగావు, అంతేనా?" అంది ఎస్నాత్, బెంచీ అంతటికీ వినబడేలా. "ఒక్కటంటే ఒక్కటి కూడా మరిచిపోలేదా? ఇక్కడ దేవుడి పాటలు పాడే పెద్దమనుషులకే ఒకటీ రెండూ తేడా వస్తాయి, నీకు రావా?"

"రేడియోలో సాయంత్రం వార్తలు మొదలవగానే మింగుతాను అక్కా. మరిచిపోను."

"చేపలు ఎండబెట్టడం వచ్చు, అబద్ధం ఎండబెట్టడం రాదు నీకు. ఇంకా పచ్చిగానే ఉంది. దారిలో ఏ పొదలో పారబోశావో చెప్పు!"

"పారబోయలేదు అక్కా. మా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లెందుకు? ఇదిగో మాత్ర, నా ఎదురుగా మింగు. మింగావా? ఏదీ, నోరు తెరువు. నాలుక ఎత్తు. వీళ్లందరూ చూడాలి."

తొకోజానీ నోరు తెరిచింది. అందరి ముందూ నాలుక ఎత్తింది. ఆ పూట బెంచీ మీద నవ్విన వాళ్లే సంతలో ఆమెకు 'పారబోత' అని పేరు పెట్టారు. ఎస్నాత్ పుస్తకంలో 'మందు మింగడం లేదు' అని రాసి, కింద గీత గీసింది.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. ఎస్నాత్‌కు ఆ కామెర్లు ఎక్కడివో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. చెప్పుకోవడానికే సిగ్గైన సంగతి అది. పద్ధెనిమిదేళ్ల కిందట మాత్రలు మొదలైన కొత్తలో ఆమెకు అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి. రోజుకొక మాత్ర లెక్క తప్పకుండా మరుగుదొడ్డి గోతిలో వేసేది. ఆసుపత్రికి వెళ్తే సీసా లెక్క సరిగ్గా సరిపోయేది, మనిషి మాత్రం పుల్లయిపోయింది. అప్పటి నర్సమ్మ న్యాంగులు సంగతి పసిగట్టింది. గదిలోకి పిలిచి, తలుపు మూసింది. "ఇది మనిద్దరి మధ్యే ఉంటుంది. రేపట్నించి పొద్దున్నే వచ్చి నా దగ్గర మింగి పో," అంది. అంతే. న్యాంగులు చచ్చిపోయేదాకా ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మూసిన తలుపు వెనక ప్రాణం నిలుపుకున్న మనిషి, ఇంకొకరి విషయానికి వచ్చేసరికి బెంచీ ముందు నోరు తెరిపించింది. లెక్క సరిగ్గా ఉందంటే దొంగేనని ఆమె నమ్మకం. తన లెక్క అలాగే కదా ఉండేది!

ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే లుసుంగు కుర్రాడే గానీ, పనిలో గట్టివాడు. ఒకరోజు కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఎస్నాతమ్మా, రాజధానిలో కొత్త పరీక్ష వచ్చింది. అట్ట మీద ఐదు రక్తపు చుక్కలు ఆరబెట్టి పంపిస్తే చాలు, వైరస్ మందుకు లొంగుతోందో లేదో చెప్పేస్తారు. తొకోజానీది పంపిద్దాం. సరిగ్గా మింగుతోందని నువ్వు సంతకం పెట్టాలి."

"అబద్ధానికి నేను సంతకం పెట్టను. ముందు దాన్ని మాత్రలు మింగమను."

"ఒకవేళ నిజంగానే మింగుతోందేమో?"

"నాకు చెప్పకు నాయనా. నీకు రక్తం తెలుసు, నాకు మనుషులు తెలుసు."

రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ కాగితం వెనక్కి తోసింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి. తొకోజానీ మానకుండా ప్రతి నెలా మందుల మంగళవారం వచ్చి, సీసా పెట్టి, మాటలు పడి వెళ్లింది. కట్టుకున్న చితెంజె బట్ట ఆమె చుట్టూ రెండున్నర చుట్లు తిరగడం మొదలైంది. దగ్గు పట్టుకుంది. చివరికి ఒకనాడు వరండాలోనే కూలబడిపోతే, పెద్ద నర్సు తానే సంతకం పెట్టి రక్తపు చుక్కలు పంపించింది.

ఆరు వారాలకు ఫలితం వచ్చింది. లుసుంగు ఆ కాగితం ఎస్నాత్ ముందు పెట్టి, వేలు పెట్టి చూపించాడు.

"రక్తంలో మందు నిండుగా ఉందమ్మా. రోజూ మింగింది. వైరస్సే లొంగడం లేదు. ఈ మందులు ఎన్ని మింగినా ఆమెకు నీళ్లతో సమానం. రేపట్నించి వేరే మందు. ముందే పంపించి ఉంటే..." అని ఆగిపోయాడు. పాపం, పెద్దదాన్ని ఇంకా అనడానికి నోరు రాలేదు.

ఎస్నాత్ చెవులు వేడెక్కాయి. ఆ కాగితం మీంచి కళ్లు ఎత్తలేకపోయింది. పుస్తకం తీసి తాను గీసిన గీత చూసుకుంది. ఎంత గట్టిగా గీసిందంటే, వెనక పేజీలో కూడా అచ్చు పడింది. భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది.

ఆ ప్రాంతంలో తప్పు ఒప్పుకోవాలంటే ఖాళీ చేతులతో వెళ్లరు. ఎస్నాత్ తన కోడిపెట్టల్లో బలిసినదాన్ని పట్టుకుని, చంకలో పెట్టుకుని తొకోజానీ ఇంటికి వెళ్లింది. దారిలో ఎదురైన వాళ్లు "ఏంటక్కా, పెళ్లా?" అని నవ్వితే తల దించుకుని నడిచింది.

తొకోజానీ ఎండలో నులకపీట మీద కూర్చుని ఉసిపా తిరగేస్తోంది. మెడ దగ్గర ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. కొత్త మందు మొదలుపెట్టి వారమైంది. ఎస్నాత్ మోకాళ్ల మీద కూర్చుంది. తనకంటే పదహారేళ్లు చిన్నదాని ముందు అక్కడ ఎవరూ అలా కూర్చోరు.

"తప్పు చేశానమ్మా. ఈ కోడిని తీసుకో."

తొకోజానీ చేపలు తిరగేయడం ఆపలేదు.

"నన్ను ఎక్కడ తిట్టారక్కా?"

"ఆసుపత్రిలో."

"ఎవరి ముందు?"

ఎస్నాత్ కోడి రెక్కలు సర్దింది.

"తిట్టడానికి బెంచీ అంతా కావాల్సొచ్చింది. తప్పైందనడానికి నా వంటింటి గోడ చాటు చాలా? మా ఆయన మీ మాటే నమ్మాడు. బతకాలని లేనిదానితో నాకేం పనని పొగాకు తోటలకు వెళ్లిపోయాడు. అతనికి కోడినిస్తే తిరిగొస్తాడా?" దగ్గు ఆగేదాకా ఆగి, మళ్లీ అంది: "ఒక్కటి చెప్పండి. నేను పారబోస్తున్నానని మీకెందుకంత గట్టి నమ్మకం? కళ్లతో చూశారా?"

ఎస్నాత్ చూడలేదు. చేసింది. ఆ ముక్క ఒక్కటీ చెప్పకుండా ఎన్ని కోళ్లు తెచ్చినా అది క్షమాపణ కాదని ఆమెకు అక్కడే, ఆ ఎండలోనే తెలిసొచ్చింది. చెబితే నీలం కోటు ఉంటుందో ఊడుతుందో! కోడిని చంకలో పెట్టుకునే వెనక్కి వచ్చింది. సోమవారం సాయంత్రం వండిన న్సిమా, ఆ మొక్కజొన్న పిండి ముద్ద, చేతిలోనే చల్లారిపోయింది.

మంగళవారం బెంచీ నిండింది. తొకోజానీ చివర కూర్చుంది. ఎస్నాత్ బల్ల వెనక నుంచి లేచి ముందుకొచ్చింది.

"తొకోజానీ ఒక్క మాత్ర కూడా పారబోయలేదు. రక్తపరీక్ష చెప్పింది. నేనే కాదన్నాను. ఎనిమిది నెలలు పరీక్షకు అడ్డం పడ్డాను." బెంచీ చివరికి చూసింది. "ఎందుకన్నానంటే... పారబోసింది నేను. పద్ధెనిమిదేళ్ల కిందట. ఏడాదంతా గోతిలో వేసి, సీసా సరిగ్గా లెక్క చూపించాను. నాలాంటిదే అనుకున్నాను." అని అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుంది.

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. సారా కొట్టు బాబాయి ఒక్కడే "ఓరి దేవుడా!" అన్నాడు. తొకోజానీ లేచి, మెల్లగా నడిచొచ్చి, బల్ల వెనక ఎస్నాత్ కుర్చీలో కూర్చుంది.

"మీ సీసా తీయండి అక్కా."

ఎస్నాత్ సంచిలోంచి తన సీసా తీసిచ్చింది. తొకోజానీ బోర్లించింది. కత్తితో ఐదేసి చొప్పున నెట్టింది, అచ్చం ఎస్నాత్ నెట్టినట్టే.

"ఇవాళ్టికి ఎన్నుండాలి?"

"పన్నెండు."

"పదమూడున్నాయి."

బెంచీ మీద వాళ్లు మెడలు సాచి చూశారు.

"రాత్రి మింగలేదమ్మా," అంది ఎస్నాత్. "సిగ్గుతో గొంతు దిగలేదు."

తొకోజానీ ఆ పదమూడో మాత్రను వేలితో బల్ల అంచుదాకా నెట్టింది. తన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. ఎస్నాత్ మాత్ర వేసుకుని నీళ్లు తాగింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, బెంచీ వైపు తిరిగి నోరు తెరిచి, నాలుక ఎత్తింది.