సెప్పి ముట్టించు

ఫిన్నీ ఫొటోలు కోసే లేజరు మిషను మీట నొక్కే ముందు ఫొటోతో మాట్లాడేవాడు. అందులో ఉన్న మనిషిని పేరుపెట్టి పిలిచి, "ముట్టిస్తన్నాను" అని చెప్పేవాడు. విజయనగరంలో అతని కొట్టుకి వచ్చినవాళ్లు అదేదో ప్రార్థన అనుకునేవారు. అది చర్చిలో నేర్చుకున్న మాట కాదని భార్య గ్లోరీకి ఒక్కదానికే తెలుసు.

నేర్పింది నారాయణమ్మ.

ఆవిడ శ్రీకూర్మం అవతల పల్లె నుంచి ఓ మధ్యాహ్నం కొంగులో ఫొటో చుట్టుకుని వచ్చింది. కూతురు రేఖ గుమ్మంలో నిలబడి నవ్వుతున్న ఫొటో. ఎండాకాలంలో పూరిళ్లు తగలబడినప్పుడు రేఖ లోపలే ఉండిపోయింది. ఇప్పుడామెను ఇంటి దేవతగా, పేరంటాలుగా కొలుస్తున్నారు. ఫొటోని గాజులాంటి అక్రిలిక్ పలకకి అంటించి మనిషి ఆకారానికి కోసిస్తే, గూట్లో నిలబెట్టుకుంటుందట.

"అసలుది దాసుకోమ్మా. నకలు తీసి కోస్తాను," అన్నాడు ఫిన్నీ.

"ఈ కాయితాన్ని అది ముట్టుకున్నాది బాబూ. నీ నకలుని ముట్టుకున్నాదేటి?"

ఫిన్నీ ఫొటో అందుకున్నాడు. ఆవిడ మిషను వైపు అనుమానంగా చూసింది.

"ఇది దేంతో కోస్తాది? నిప్పైతే వొద్దు. దాన్ని మరి నిప్పు ముట్టకూడదు."

"నిప్పు కాదమ్మా, ఎలుతురు. టార్చిలైటు లాటిది."

ఆవిడ నమ్మి బల్ల మీద కూర్చుంది.

"పాస్టరుగారి అల్లుడు అబద్దం ఎంత నున్నగా ఆడతన్నాడో!" అంది పక్కనున్న గ్లోరీ, అతనికి మాత్రమే వినపడేలా.

"ఊరుకోయే. కాలిన మచ్చ పడకపోతే అది అబద్దం కాదు."

మచ్చ పడకుండా కొయ్యడంలో అతనిది తిరిగిన చెయ్యి. ఫొటో మీద కాగితం టేపు అంటించి, బోర్లా పెట్టి, అడుగున గాలాడేలా పలకని ఎత్తుతాడు. వేడి తగ్గించి, వేగం పెంచి, ఒక్క దెబ్బకి తెగ్గొట్టకుండా అదే గీత మీద పలచగా మళ్లీ మళ్లీ తిప్పుతాడు. పక్కనుంచి గొట్టం చల్లగాలి ఊదుతూ ఉంటుంది.

ముందుగా నకలు మీద కోసి చూశాడు. అంచంతా అద్దంలా వచ్చింది. రేఖ కుడిచేతి దగ్గర మాత్రం గోధుమరంగు మచ్చ. వేడి ఇంకా తగ్గించి మరో నకలు కోశాడు. మచ్చ మళ్లీ అక్కడే. పలకని మిషనులో ఇంకో మూలకి జరిపి కోశాడు. అక్కడే. బొమ్మని కప్పిన టేపు తెల్లగానే ఉంది. దాని కింద బొమ్మ కమిలింది.

గ్లోరీ నవ్వడం మానేసింది.

"అమ్మా," అన్నాడు ఫిన్నీ. "రేఖకి నిప్పు ముందర ఎక్కడంటుకున్నాది?"

"కుడిసేతి కాడ. పైట సెంగుకి." ఆవిడ లేచి నిలబడింది. "నీకెవులు సెప్పినారు?"

అతను నకళ్లు చూపించి, అసలు ఫొటో ఆవిడకి తిరిగిచ్చాడు. "నిప్పేనమ్మా. ఎలుతురని అబద్దమాడినాను. నీ ఫొటో తీసుకెళ్లిపో."

నారాయణమ్మ తిట్టలేదు. మచ్చ మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్దింది.

"ఆ దినమూ దానికెవులూ సెప్పలేదు. నిద్రలో ఉన్నాది," అంది. తర్వాత ఫొటో మళ్లీ అతని చేతిలో పెట్టింది. "సెప్పి ముట్టించు."

అతను అసలు ఫొటోని అంటించి, మూత వెయ్యబోతుంటే, ఆవిడే మిషనులోకి వంగింది. "రేఖా, లెగమ్మా. ముట్టిస్తన్నారు. నేనిక్కడే ఉన్నాను."

ఫిన్నీ మీట నొక్కాడు.

టేపు ఊడదీస్తే ఎక్కడా మచ్చ లేదు. అప్పుడే కోసిన అంచు వేలికి వెచ్చగా తగలాలి. అది కడవలో నీళ్లంత చల్లగా ఉంది.

"సూడు, బయపళ్లేదు," అని నారాయణమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

నిరుడు ఫిన్నీ పోయాక, జ్ఞాపకార్థ కూటానికి అతని ఫొటోని గ్లోరీయే కోసింది. మిషనులోకి వంగి, "ఏవండీ, ముట్టిస్తన్నాను," అంది. కోశాక అంచు తాకి చూసింది. చల్లగా ఉంది. కొట్టు మూసే వేళయినా ఆ చెయ్యి తియ్యలేదు.