వెల్డింగ్ చేయని వెల్డింగ్ మేస్త్రి

విప్పడానికి వీల్లేని పని ఏదీ చేసేవాడు కాదు బోల్టు మేస్త్రి. ఆయనకున్న పిచ్చి అదొక్కటే, కాకపోతే నలుగురికి పంచినా మిగిలేంత ఉండేది. నిజానికి చుట్టుపక్కల ఆయనంత చక్కగా వెల్డింగ్ చేసేవాడు లేడు. ఆయన వేసిన అతుకుని వేలితో తడిమినా ఎక్కడుందో తెలిసేది కాదు. అలాంటి చెయ్యి పెట్టుకుని, ఎవరైనా వచ్చి వెల్డింగ్ చెయ్యమంటే చాలు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "మరి రేపు విప్పాల్సొస్తే?" అనేవాడు.

ఈ మాట అందరికన్నా ఎక్కువసార్లు విన్నవాడు ఆయన బావమరిది. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులోనే పని. అతనికి వెల్డింగంటే ప్రాణం. బావ దగ్గరే నేర్చుకున్నాడు, బావే చేయనివ్వడు. వారానికోసారి ఏ గేటు గొళ్ళెమో విరిగి వస్తే, పండగొచ్చినట్టు ముసుగు తగిలించుకునేవాడు. ఈలోగా మేస్త్రి ఆ గొళ్ళేన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "రెండు బోల్టులు పడతాయిరా దీనికి" అనేవాడు. ముసుగు మళ్ళీ మేకుకి ఎక్కేది.

ఇంట్లోనూ అదే వరస. మంచం, అలమర, బల్ల అన్నిటికీ నట్లే. గరిటె పిడి ఊడితే దానికీ బోల్టు. ఉత్తరం కవరు జిగురుతో అంటించడు, గుండుసూది గుచ్చుతాడు. ఒకసారి కళ్ళజోడు కాడ విరిగితే రెక్కల నట్టు బిగించుకుని, చెవి పక్కన అది తూనీగలా ఊగుతుంటే నెల రోజులు దర్జాగా తిరిగాడు. ఈయనతో ఎలా వేగుతున్నావమ్మా అని పక్కింటావిడ జాలిపడితే, ఆయన భార్య నింపాదిగా చెప్పింది: "విప్పే వీల్లేకుండా ఆయన చేసుకున్న పని నేనొక్కదాన్నే. ఆమాత్రం గౌరవం చాల్లెండి."

నర్సమ్మ జీపు షెడ్డుకి వచ్చిన రోజున బావా బావమరుదుల మధ్య పెద్ద యుద్ధమే జరిగింది. ఆవిడ తనే జీపు నడుపుకుంటూ వారానికి ఆరు రోజులు కొండ మీది పల్లెలకు వెళ్ళి పసిపిల్లలకు సూదులు వేసేది. ఆ దారంతా బండరాళ్ళే. రెండు తలుపుల కింది అంచులూ అప్పడంలా నలిగిపోయాయి. దానికి మందు రాక్ స్లైడర్లు. అంటే తలుపుల కింద, బండికి రెండు పక్కలా పొడవునా పెట్టే లావుపాటి ఇనప గొట్టాలు. రాయి తగిలితే దెబ్బ అవి తింటాయి, బండి వాటి మీద జారి ముందుకుపోతుంది. ఎక్కేటప్పుడు అడుగు పెట్టుకోవడానికీ పనికొస్తాయి.

"ఇది మాత్రం వెల్డింగే బావా," అన్నాడు బావమరిది అప్పటికే ముసుగు చేతిలో పట్టుకుని. "కింది చట్రానికి, అదే చాసిస్‌కి అతికేస్తే బండిలో భాగమైపోతుంది. కదలదు, మెదలదు, నట్లు వదులవుతాయన్న బెంగ లేదు."

"అతికిన చోట చాసిస్‌కి వేడి తగిలి ఇనుము బలం తగ్గుతుంది. వెనక నీళ్ళు చేరితే తుప్పు పట్టినా కనపడదు. గొట్టం వంగిందనుకో, కోసి తీయాలి."

"వంగితే కదా."

"వంగకపోతే రాయెందుకు?" అన్నాడు మేస్త్రి. తర్వాత నర్సమ్మ వైపు తిరిగాడు. "వయసెంతమ్మా?"

"జీపుకా, నాకా?"

"ఇద్దరికీ చెప్పండి."

"దానికి పన్నెండు, నాకు నలభై ఎనిమిది. మీరు ఏదో ఒకటి తేల్చండి. పొద్దున్నే నా కోసం అరవై మంది పిల్లలు ఏడవడానికి రెడీగా ఉంటారు."

బోల్టులే గెలిచాయి. ముసుగు మేకుకి ఎక్కింది.

అది మొదలు నర్సమ్మ జీపుని మేస్త్రి ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. గొట్టాలు వంగకపోలేదు. రెండుసార్లు వంగాయి. రెండుసార్లూ ఆయన పొద్దున విప్పి, సరిచేసి, మధ్యాహ్నానికి బిగించి పంపాడు. ఆ రెండు రోజులూ బావమరిది ఆయన కంట పడకుండా తిరిగాడు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఒకనాడు లారీ డ్రైవరొకడు టీ తాగుతూ, "నర్సమ్మ జీపు చూశారా? డ్రైవర్ వైపు గొట్టం కిందికి వేలాడుతోంది. మీ మేస్త్రికి చూపు తగ్గిందేమో" అన్నాడు. బావమరిదికి చెంప మీద కొట్టినట్టయింది. బావ చేతి పనిని వంకర అన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదతను. వాడితో పోట్లాడదామనుకున్నాడు. కానీ జీపు సర్వీసింగుకొచ్చి షెడ్డులోనే ఉంది. వెళ్ళి టేపు పెట్టి కొలిచాడు. రెండో వైపు కన్నా ఇటువైపు సరిగ్గా నాలుగు అంగుళాలు కిందికుంది.

డ్రైవరన్నట్టు బావకి చూపు తగ్గిందన్నమాట. అరవై ఏళ్ళు దాటిన మనిషి. అక్కకి ఎలా చెప్పాలి? ఆయనకి ఎలా చెప్పాలి? చెప్పకపోతేనే మంచిది, గుట్టుగా సరిచేసేస్తే సరిపోతుంది అనుకున్నాడు. మేస్త్రి భోజనానికి వెళ్ళగానే బండి కింద దూరి, బోల్టులు వదులు చేసి, గొట్టాన్ని పైకెత్తి రెండు వైపులా సమానం చేసి బిగించాడు. అమ్మయ్య అనుకుంటూ బయటికొచ్చేసరికి ఎదురుగా మేస్త్రి.

ఆయన వంగైనా చూడలేదు. నిలబడ్డ చోటి నుంచే, "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అన్నాడు. అంత గట్టి గొంతు ఇన్నేళ్ళలో వినలేదు బావమరిది.

"నాలుగంగుళాలు తేడా ఉంది బావా. ఎవరూ చూడకముందే..."

"తేడా ఉందని నాకు తెలీదా? ఏడాదికో అంగుళం చొప్పున దించింది నేనే."

"రాళ్ళ దారిలో తిరిగే బండికి గొట్టం కిందికి దించుతారా ఎవరైనా?"

మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నాలుగేళ్ళ కిందట సర్వీసింగుకొచ్చి వెళ్తూ, ఆవిడ ఎక్కబోయి ఎక్కలేకపోయింది. మోకాళ్ళు. ముందు నొప్పి చూసుకోలేదు, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. నేను టైరు వెనక కూర్చుని ఉన్నా, కనపళ్ళేదు. ఈ సంగతి పైవాళ్ళకి తెలిస్తే కొండ డ్యూటీ తీసేసి కుర్చీలో కూర్చోబెడతారు. ఆవిడ కూర్చోగలదా? అందుకని వరసగా బెజ్జాలున్న పొడుగు పట్టీలు వేసి ఒక అంగుళం దించా. మరుసటి ఏడాది ఇంకొకటి."

"ఆవిడకి తెలీదా?"

"తెలిస్తే ఎక్కడం మానేస్తుంది."

"మరి రాయి తగిలితే?"

"తగుల్తుంది. వంగుతుంది. నేను విప్పి సరిచేస్తా. అతికేసుంటే ఇవన్నీ కుదిరేవా?"

వెల్డింగ్ మీద తనకున్న ప్రేమనంతా ఆ నిమిషంలో ఎక్కడ దాచుకోవాలో బావమరిదికి తెలియలేదు. తర్వాత గోడ గడియారం చూసి ఉలిక్కిపడ్డాడు. "నాలుగింటికి వస్తానంది బావా. పావుగంటే ఉంది."

ఇద్దరూ బండి కింద దూరారు. ఒకరు గొట్టం ఎత్తి పట్టుకుంటే ఒకరు నట్లు తిప్పారు. ఆఖరి నట్టు బిగిసేసరికి చెప్పుల చప్పుడు వినపడింది. బావమరిది గబగబా బయటికొచ్చి, టేపుని వీపు వెనక దాచి నిలబడ్డాడు. ఇప్పుడు తేడా నాలుగు కాదు, ఐదు అంగుళాలు. ఈ ఏడాది అంగుళం అతనే దించాడు.

నర్సమ్మ వెంట కొత్తగా వచ్చిన కాంపౌండరున్నాడు, ముప్పై ఏళ్ళ దిట్టమైన మనిషి. ఆవిడ గొట్టం మీద కాలు పెట్టి, ఇంట్లో గడప దాటినంత తేలిగ్గా సీట్లోకి చేరింది. అటువైపు, ఎప్పుడూ దించని గొట్టం మీదికి కాంపౌండరు తలుపు పట్టుకుని ఒకసారి ఎగిరాడు, అందలేదు.

"చూశారా మేస్త్రిగారూ," అంది నర్సమ్మ గొంతు తగ్గించి. "నాకు యాభై ఏడు. ఈ వయసు పిల్లలకి మోకాళ్ళలో బలమే లేదు. ఏం చెయ్యమంటారు?"

మేస్త్రి నేల చూపులు చూశాడు. బావమరిదే ముందుకొచ్చి, నవ్వు మొహంలోకి రాకుండా చూసుకుంటూ, "రోజూ కాస్త నడవమనండమ్మా" అన్నాడు.

కాంపౌండరు తన మోకాళ్ళ వైపు అనుమానంగా ఓసారి చూసుకుని, ఊపిరి బిగబట్టి, మూడోసారికి ఎక్కాడు.