మా ఆయన ఊడ్చిన గాజు రోడ్డు

మా చేను సోలార్ పార్కుకు లీజుకిచ్చినప్పుడు, పంట నూర్చుకునే కళ్లం కూడా దాంతోపాటే పోయింది. వంక పక్కన మిట్టపల్లాల ముక్క ఒకటి వాళ్లు వద్దన్నారు కాబట్టి మాకు మిగిలింది. అందులో ఉలవలు చల్లేవాళ్లం. పీకిన ఉలవ కట్టెను పార్కు ముందరి తారు రోడ్డు మీద పరిస్తే, వచ్చీపోయే లారీలే తొక్కి కాయలు పగలగొట్టేవి. మా వైపు అందరూ చేసే పనే అది. డ్రైవర్లు ఎన్నడూ ఏమీ అనలేదు.

ఒక ఏడు ఆ రోడ్డు మలుపులో తారు పెళ్లగించి, నల్లటి గాజు ప్లేట్లు పరిచారు. వాటి మీద బండ్లు పోవచ్చట, ఎండకు కరెంటూ పుడుతుందట. పని చూసే ఇంజనీరు నెమ్మదైన మనిషి. మా ఆయనకు అంతా విడమరచి చెప్పాడు.

"రోడ్లే కరెంటిస్తే ఇంక రైతుల భూములతో పనుండదు" అన్నాడు.

మా ఆయన ఆ మాట పట్టుకొని ఇంటికొచ్చాడు.

"ఈ రోడ్డు నిలబడితే మన చేన్లో ప్లేట్లు పీకేస్తారు సూడు."

అలా అని ఎవరూ చెప్పలేదు. నేను ఆ సంగతి ఎత్తలేదు. చేన్లో ఇనుప కంబాలు పాతిన రోజే నా ఏడుపంతా అయిపోయింది. ఆ తర్వాత ఆశపడమన్నా నా వల్ల కాలేదు, కోప్పడమన్నా కాలేదు.

మరుసటి రోజు నుంచి ఆయన పొరక తీసుకుపోయి ఆ గాజు ముక్కంతా ఊడ్చేవాడు. మా దగ్గర గాలి ఊరుకోదు. ఊడ్చిన చోటే మళ్లీ దుమ్ము. గొర్రెలు వస్తే కాపరులతో తగువు.

"యాడికన్నా తోలుకోప్పా, దీని మీద నీడ పడకూడదు" అనేవాడు.

ఉలవ కట్టెనైతే రోడ్డు దరిదాపులకే పోనివ్వలేదు. ఆ ఏటి పంటంతా వాకిట్లో వేసుకొని నేనే కర్రతో కొట్టాను. ఇంట్లో ఏనాడూ చీపురు పట్టని మనిషి రోడ్డు ఊడుస్తున్నాడని ఊళ్లో ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఒకరోజు ఆయనకు సంగటి తీసుకుపోయాను. ఆయన దూరంగా గొర్రెల్ని అదిలిస్తున్నాడు. ఇంజనీరు ఒక్కడే పగిలిన ప్లేటు ముందు కూచుని ఉన్నాడు. అడక్కుండానే చెప్పాడు.

"లారీల బరువుకు ఆగడం లేదమ్మా. దుమ్ము ఒకటి. పైగా ఇవి నేల మీద పడుంటాయి, ఎండ వైపు వాల్చలేం. మీ చేన్లో ఒక్క వరస ఇచ్చే కరెంటు కూడా ఈ ముక్కంతా కలిసి ఇవ్వదు. వచ్చే నెల తీసేసి తారు పోసేస్తాం."

"ఆయనకు చెప్పినారా సార్?"

"నా వల్ల కాదమ్మా. మీరే చెప్పండి."

తలూపాను. చేను రాదని నాకు ముందే తెలుసు కాబట్టి కొత్తగా బాధేమీ కలగలేదు. సంగటి గిన్నె కిందికి దించి మూత తీశాను.

మా ఆయన వచ్చి చేతులు కడుక్కున్నాడు. రోడ్డంచున కూచొని సంగటి ముద్ద తుంచుతూ అడిగాడు.

"చేను చేతికొచ్చినాక మొదట ఏమేద్దాం?"

"శెనక్కాయలే ఏద్దాం" అన్నాను.