స్ప్లిట్ అన్న మాట

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక చిన్న చర్చి ఉండేది. అందులో జ్ఞానశేఖర్ కీబోర్డు వాయించేవాడు. వారమంతా పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఆదివారం ఆ కుర్చీలో కూర్చుంటే తప్ప తానొక మనిషినన్న నమ్మకం అతనికి కలిగేది కాదు. తొంభై తొమ్మిదిలో చర్చివాళ్లు ఆబిడ్స్‌లో కొత్త కీబోర్డు కొన్నారు. శనివారం ప్రాక్టీసులో, పాటలు నడిపే కృపాజ్యోతికి దాన్ని గొప్పగా చూపించాడు.

"జర ఇనక్కా. గీడికెల్లి స్ప్లిట్ చేసిన. ఎడమచేతి దిక్కు బేస్, కుడి దిక్కు పియానో. పియానో మీద వయొలిన్లు పొర లెక్క ఏసిన, లేయర్ అంటరు."

వెనక బెంచీ మీదున్న సంఘపెద్ద ఇజ్రాయేల్ గారికి అందులో ఒక్క మాటే వినబడింది. నేను దేశమంతా తిరిగాను గాని, మన సంఘాలంత తేలిగ్గా విడిపోవడం నాటక సమాజాల్లో కూడా చూడలేదు. ఈ చర్చి హార్మోనియమా, గిటారా అని అప్పటికే ఒకసారి చీలింది.

"మళ్ల స్ప్లిట్టా? ఎవరెవరు పోతున్రు నీ ఎంబడి?" అని పెద్దాయన గద్దించారు.

"సంఘం గాదంకుల్, కీబోర్డు!"

"ఏదైనా గానీ. నా చర్చిల స్ప్లిట్ ఉండొద్దు. చేసినవంటే గా కుర్చీల ఇంకొకడు కూసుంటడు."

రెండు మెట్లు నొక్కి వినిపిస్తే తేలిపోయే సంగతి. జ్ఞానశేఖర్ కుర్చీ కోసం నోరు మూసుకుని స్ప్లిట్ తీసేశాడు. ఆదివారం బేస్ మోగవలసిన చోట కూడా పియానో, వయొలిన్లు కలిసి ముద్దగా మూలిగాయి. కృపాజ్యోతి రెండో చరణంలోనే ఆగిపోయింది.

ఇజ్రాయేల్ గారు మాత్రం కళ్లు మూసుకుని తలాడించారు. ఆరాధన అయ్యాక వచ్చి భుజం తట్టారు.

"గిప్పుడు ఇనబడ్తున్నది శేఖర్, ఐక్యత."

"ఔ అంకుల్," అన్నాడా మహానుభావుడు. తర్వాత ఎన్నో ఏళ్లు అలాగే వాయించాడు.